తపాలాలో వచ్చిన చలనచిత్రములు

గత మాసమున మా పట్టణపు పఠనమందిర కార్యవర్గమువారి యెదుటికి ఒక తీర్మానము వచ్చినది. మందిరమున రెండు బీరువాల నిండ నున్న డి.వి.డి. డిస్కులను పాతసామానుల వర్తకునికి తూకమునకు అమ్మివేసి, ఆ స్థలమున పోటీపరీక్షల పుస్తకములను ఉంచవలెనని దాని సారాంశము. సినిమాలన్నియు చేతిలోని ఫోనునకే వచ్చుచుండగా ఈ బిళ్లలతో పని యేమని ప్రతిపాదించినవారు అడిగిరి. బలపఱచిన సభ్యులొకరు, అమెరికాలో ఇట్టి డిస్కులను తపాలాద్వారా అద్దెకిచ్చి కోట్లు గడించిన కంపెనీలే తలుపులు మూసికొనినవి గదా యని దృష్టాంతము చూపిరి. తీర్మానము మఱుసటి సమావేశమునకు వాయిదా పడినది. ఆ కంపెనీలను సాక్షులుగా బోను ఎక్కించినారు గనుక, వారిని క్రాసుపరీక్ష చేయుట న్యాయవాదులమైన మాకు అలవాటైన పని. చేసి చూచితిమి. ఆ సాక్షులు చెప్పునది ప్రతిపాదకులు తలచినదానికి చాల భిన్నముగా నున్నది.

1997వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని స్కాట్స్ వ్యాలీ యను చిన్న పట్టణమున రీడ్ హేస్టింగ్సు, మార్కు రాండాల్ఫు అను నిరువురు నెట్‌ఫ్లిక్సు కంపెనీని స్థాపించిరి. వీడియో కాసెట్టు బరువైనది; తపాలాలో పంపిన గిట్టుబాటు కాదు. డి.వి.డి. అప్పుడే అంగళ్లకు వచ్చుచుండెను. పలుచని డిస్కు విఱుగకుండ ప్రయాణము చేయునా యని తెలిసికొనుటకు వారు ఒక సంగీతపు సి.డి.ని లకోటాలో పెట్టి, శాంటాక్రూజులోని హేస్టింగ్సుగారి యింటికే పంపి చూచిరి. అది చెక్కుచెదరక చేరినది. 1998 ఏప్రిలులో సుమారు 925 చిత్రములతో వ్యాపారము ఆరంభించిరి. తొలుత చిత్రమునకు ఇంత యని అద్దె తీసికొనిరి. 1999నుండి మాసపు చందా పద్ధతిని పెట్టిరి.

ఆ పద్ధతి చదువరులకు తెలియవలెను. చందా కట్టినవాడు తాను చూడగోరు చిత్రముల జాబితాను కంపెనీవారి యొద్ద ఉంచును. మొదట మూడు డిస్కులు ఇంటికి వచ్చును. ఒకటి చూచి ముగించి, ఎఱ్ఱని లకోటాలో పెట్టి తపాలాపెట్టెలో వేసినచో, జాబితాలోని తరువాతి చిత్రము బయలుదేరును. రెండువైపుల తపాలాఖర్చును కంపెనీవారిదే. గడువు లేదు, జరిమానా లేదు. ఈ కడపటి మాటయే జనులను ఆకర్షించినది. ఏలయన ఆ కాలమున అమెరికాలో అద్దె వ్యాపారమునకు చక్రవర్తివంటి బ్లాక్‌బస్టరు కంపెనీవారు ఆలస్యపు జరిమానాల మీదనే యేటికి కోట్లకొలది డాలర్లు రాబట్టుచుండిరి. 2000వ సంవత్సరమున నెట్‌ఫ్లిక్సువారు తమ కంపెనీని 5 కోట్ల డాలర్లకు కొనుడని బ్లాక్‌బస్టరువారి గడప త్రొక్కగా, వారు ఒప్పుకొనలేదని స్థాపకులే చెప్పియున్నారు.

తరువాత పోటీదారులు వచ్చిరి. చౌకబేరమునకు పేరుపడిన వాల్‌మార్టువారు 2003లో దేశమంతటను ఇట్టి సేవనే పెట్టి, 2005 మే నెలలో విరమించుకొని, తమ చందాదారులను నెట్‌ఫ్లిక్సునకు అప్పగించిరి. వారిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు. చౌక యొక్కటియే పెట్టుబడిగా వచ్చినవారు అంతకంటె చౌక యెదురైనప్పుడు నిలువరు. అసలు యుద్ధము 2004 ఆగస్టులో బ్లాక్‌బస్టరువారు తపాలాసేవను ప్రారంభించుటతో మొదలైనది. మూడు డిస్కుల పథకమునకు నెట్‌ఫ్లిక్సువారు ఆ యేడు వేసవిలో చందాను 19 డాలర్ల 95 సెంట్లనుండి 21 డాలర్ల 99 సెంట్లకు పెంచి యుండిరి. బ్లాక్‌బస్టరువారు 19 డాలర్ల 99 సెంట్లకు దిగిరి. అక్టోబరులో నెట్‌ఫ్లిక్సు 17 డాలర్ల 99 సెంట్లకు తగ్గించుట ప్రకటింపగనే ఎదుటివారు 17 డాలర్ల 49 సెంట్లనిరి. డిసెంబరునాటికి బ్లాక్‌బస్టరు ధర 14 డాలర్ల 99 సెంట్లు. చందాదారులు ఇరువురి ధరలను ప్రక్కప్రక్కన వ్రాసికొని, ఈ మాసము ఇచట, వచ్చు మాసము అచట అని తిరిగిరి. సంతలో బేరమాడు మనవారికి ఈ దృశ్యము వింత గాదు. కాని ఈ విధముగా ధరలను మాత్రమే పోల్చి చూచినవారు మోసపోయిరని మా అభిప్రాయము.

ఏలయన చందా యనగా ఒక్కొక్కచోట ఒక్కొక్క అర్థము. ఈ పత్రికకు చందా కట్టినవారు ఒక సంచికను పదిమార్లు చదివినను మాకు నష్టము లేదు; సంతోషమే. తపాలా డిస్కుల సంగతి అట్లు కాదు. 2004లో అమెరికాలో ఒక ఔన్సు ఉత్తరమునకు బిళ్ల ఖరీదు 37 సెంట్లు. పోవుటకును వచ్చుటకును పూర్తిధర లెక్కించినచో డిస్కునకు 74 సెంట్లు. మాసమునకు నాలుగు చిత్రములు చూచు బద్ధకస్థునివలన కంపెనీకి పండుగ. ఇరువది చూచువానికి తపాలా క్రిందనే 14 డాలర్ల 80 సెంట్లు పోవును. పనివాండ్ర కూలి, డిస్కు ఖరీదు వేఱు. అనగా ఈ వ్యాపారమున సేవను మిక్కిలిగా వాడుకొను చందాదారుడే కంపెనీకి శత్రువు. వానిని బహిరంగముగా పొమ్మనలేరు. "అపరిమితము" అని ప్రకటనలలో అచ్చువేసి యున్నారు. మఱి యేమి చేసిరి? త్వరత్వరగా చూచి త్రిప్పిపంపు వానికి తరువాతి డిస్కును ఒకటి రెండు దినములు ఆలసించి పంపిరి. క్రొత్త చిత్రముల ప్రతులు తక్కువగా నున్నప్పుడు అరుదుగా చూచువానికి ముందిచ్చి, వీనికి వెనుక నిచ్చిరి.

ఈ సంగతి ఊహ గాదు. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చందాదారుడు తనవంటివారి అందఱి పక్షమున నెట్‌ఫ్లిక్సు మీద దావా వేసెను. 2005 జనవరిలో కంపెనీవారు తమ షరతులను సవరించి, అరుదుగా తెప్పించుకొనువారికి ముందుగా పంపుదుమని అచ్చులో పెట్టిరి. తప్పొప్పుకొనకయే రాజీ పడిరి. చందాదారులకు ఒక నెల ఉచితసేవయో, ఒక నెల మెఱుగైన పథకమో ముట్టినది. వకీళ్లకు మాత్రము ధనరూపముననే ముట్టినది. మా వృత్తివారి సంగతి గనుక ఇంతతో విడిచెదము. దావాకు ఫలముగా మిగిలినది ఆ షరతు అచ్చు కెక్కుట. అయినను అది చిన్న ఫలము గాదు. తనకేమి ఇచ్చెదరో ముందుగా తెలిసికొను హక్కు లేనిచోట ధరల పోలిక వట్టిమాట.

బ్లాక్‌బస్టరువారేమైన ధర్మాత్ములా? కారు. 2005 జనవరిలో "ఇక ఆలస్యపు జరిమానా లేదు" అని అంగళ్లన్నిటిమీద బోర్డులు కట్టిరి. గడువు దాటి ఏడు దినములైనచో ఆ డిస్కును కొనినట్లే భావించి దాని వెల వసూలు చేయుదుమనియు, నెలలోగా తిరిగి తెచ్చినచో వెల వాపసు ఇచ్చి, మరల సర్దుకొనుటకు కొంత రుసుము పట్టుకొందుమనియు చిన్న అక్షరములలో ఉండెను. జరిమానా పేరు మార్చుకొని వచ్చినది. నలుబది యేడు రాష్ట్రముల ప్రభుత్వ న్యాయవాదులు ఆక్షేపింపగా, ఆ మార్చిలోనే కంపెనీవారు సొమ్ము చెల్లించి, ప్రకటనలను సరిదిద్దుకొనిరి.

అయినను న్యాయము చెప్పవలెను. చందాదారుని పక్షమున నిలిచి చూచినచో, ఈ వ్యాపారపు చరిత్రయందంతటను అత్యుత్తమమైన పథకము బ్లాక్‌బస్టరువారిదే. 2006 నవంబరులో వారు పెట్టిన యేర్పాటు ప్రకారము తపాలాలో వచ్చిన డిస్కును తపాలాలోనే త్రిప్పనక్కఱలేదు. దగ్గరి అంగడిలో ఇచ్చి, అచ్చటనే మఱొక చిత్రమును ఉచితముగా తీసికొని పోవచ్చును. వేలకొలది అంగళ్లున్న వారికి తప్ప ఇతరులకు సాధ్యము కాని పని. 2007 రెండవ త్రైమాసికమున నెట్‌ఫ్లిక్సువారి చందాదారుల సంఖ్య మొదటిసారిగా తగ్గినది. కాని ఈ యౌదార్యము కంపెనీకి నష్టము తెచ్చుచుండెను. వాటాదారులలో కలహములు, జూలైలో అధ్యక్షుడు జాన్ ఆంటియోకో వెడలిపోయెను, తరువాత వచ్చినవారు ధర పెంచి, సౌకర్యములు కోసివేసిరి. 2010 సెప్టెంబరులో బ్లాక్‌బస్టరు దివాలా పిటీషను వేసినది. దానిని కొనిన డిష్ కంపెనీవారు 2013 డిసెంబరులో తపాలాసేవను నిలిపివేసిరి.

ఈ పోటీలో జయాపజయములను వ్రాయువారందఱు మఱచునది తపాలాశాఖను. కుగ్రామమునకును మహానగరమునకును ఒకే బిళ్లతో ఉత్తరము చేర్చు ప్రభుత్వ తపాలా లేనిచో ఈ కంపెనీలలో ఒక్కటియు పుట్టదు. దాని యెడ వీరి వర్తన మెట్టిది? నెట్‌ఫ్లిక్సువారి లకోటాకు ఒక అంచు వదులుగా ఉండి యంత్రములలో చిక్కుకొనుచుండుటచే తపాలా ఉద్యోగులు చేతితో వేఱుచేయుచుండిరి. 2007 నవంబరులో తపాలాశాఖ తనిఖీ అధికారి ఇచ్చిన నివేదికలో, కంపెనీ పేరు చెప్పకయే, ఆ పనికి రెండేండ్లలో 4 కోట్ల 19 లక్షల డాలర్లు ఖర్చయినవని లెక్క తేల్చి, లకోటాకు 17 సెంట్లు అదనముగా వసూలు చేయుడని సూచించెను. ఇక ఆటల డిస్కులను అద్దెకిచ్చు గేమ్‌ఫ్లై యను చిన్న కంపెనీవారు, డిస్కులు విఱుగకుండ హెచ్చు వెల కట్టి పెద్ద లకోటాలలో పంపుకొనుచుండిరి. పెద్దవారికి ఉచితముగా చేయు చేతిపని మాకేల చేయరని వారు 2009లో తపాలా నియంత్రణ సంఘమునకు ఫిర్యాదు చేసిరి. 2011లో పక్షపాతము నిజమేయని సంఘము తేల్చినది. తగిన పరిహారము నియ్యలేదని వారు పైకోర్టునకు పోగా, 2013లో ధరలను సమానము చేయవలసి వచ్చినది. ప్రజల తపాలా పెద్ద వ్యాపారికి ఒక న్యాయము, చిన్న వ్యాపారికి ఒక న్యాయము చూపుట యెచ్చటనైనను తప్పే. ఆ తప్పు దిద్దుటకు నాలుగేండ్లు పట్టినది.

ఇంతవఱకు చెప్పినది వ్యాపారము. మా పఠనమందిరపు బీరువాలకు సంబంధించిన అసలు సంగతి చట్టమునందున్నది. అమెరికా కాపీరైటు చట్టము 109వ సెక్షను ప్రకారము, న్యాయముగా తయారైన ప్రతిని కొనినవాడు దానిని ఇతరులకు అమ్మవచ్చును, అద్దెకియ్యవచ్చును. చిత్రనిర్మాత అనుమతి అక్కఱలేదు. సంగీతపు రికార్డులకు 1984లోను, కంప్యూటరు ప్రోగ్రాములకు 1990లోను ఈ స్వేచ్ఛను తగ్గించిరి గాని చలనచిత్రములకు తగ్గింపలేదు. కనుకనే నెట్‌ఫ్లిక్సువారు ఏ స్టూడియోను ప్రాధేయపడకుండ బజారున డిస్కులను కొని, లక్షకు మించిన చిత్రములను సంపాదింపగలిగిరి. నలుబదేండ్లనాటి జపాను చిత్రమును, ఎవ్వరును అడుగని డాక్యుమెంటరీయును ఆ జాబితాలో ఉండెను. అంతర్జాలముద్వారా చూపుట అట్లు కాదు. ప్రతి చిత్రమునకును హక్కుదారుని అనుమతి కావలెను. గడువు తీరిన దినమున ఆ చిత్రము మాయమగును. డిస్కు మన సొత్తు. ప్రసారము మనకు దయతో చూపబడునది.

గెలిచిన కంపెనీ ఈ హక్కును ఏమి చేసినదో చూడుడు. 2010 జనవరిలో వార్నర్ బ్రదర్సువారితో ఒడంబడిక చేసికొని, క్రొత్త డిస్కు బజారునకు వచ్చిన 28 దినముల వఱకు చందాదారులకు పంపమని ఒప్పుకొనిరి. ప్రతిఫలముగా వారికి దక్కినది అంతర్జాలమున చూపుటకు మఱికొన్ని చిత్రములు. ఏప్రిలులో మఱి రెండు స్టూడియోలతోను అట్లే. చట్ట మిచ్చిన స్వేచ్ఛను తమంత తామే తాకట్టు పెట్టిరి. చందాదారు నెవరును అడుగలేదు. 2011 జూలైలో, అంతవఱకు 9 డాలర్ల 99 సెంట్లకు కలిపి ఇచ్చుచుండిన డిస్కుల సేవను ప్రసారమును విడదీసి రెంటికి 15 డాలర్ల 98 సెంట్లు చేసిరి. సెప్టెంబరులో డిస్కులను క్విక్‌స్టరు అను వేఱు పేరున నెట్టివేయుదుమని ప్రకటించి, జనులు మండిపడగా అక్టోబరులో నాలుక మడిచిరి. ఆ మూడు మాసములలో 8 లక్షల చందాదారులు విడిచిపోయిరి. గట్టి పోటీదారుడు లేడు గనుక మిగిలినవారు పోవుటకు మంచి చోటు లేదు. 2023 సెప్టెంబరు 29వ తేదీన కడపటి లకోటాలు బయలుదేరినవి. మొత్తము 520 కోట్లకు పైగా డిస్కులను పంపితిమని కంపెనీవారు లెక్క చెప్పిరి. న్యూజెర్సీలోని మా మిత్రు లొకరు, చేతిలో మిగిలిన డిస్కులను ఉంచుకొనవచ్చునని వచ్చిన సందేశమును మాకు చదివి వినిపించి, ఆ జాబితాలో తాము వ్రాసి పెట్టుకొనిన చిత్రములలో సగము ఇప్పుడు ఏ ప్రసారమునందును దొరకుట లేదని వాపోయిరి. కావున డిస్కునకు గిరాకీ తగ్గుట నిజమే. కాని తగ్గినది డిస్కు చెడ్డదై కాదు. దానిని కాపాడవలసినవారికి అంతకంటె లాభమైన మార్గము దొరకుటచే.

మన దేశమున కథ వేఱు. బెంగళూరున పుట్టిన సెవెంటీఎమ్ఎమ్, 2008లో రిలయన్సు వారు పెట్టిన బిగ్‌ఫ్లిక్సు మొదలగునవి నగరములలో ఈ వ్యాపారము చేసినవి. తపాలాను నమ్ముకొనక మనుష్యులచేతనే ఇంటింటికి పంపిరి. 2007లో మోజర్ బేయరువారు వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మసాగిన తరువాత, అద్దెకు తెచ్చుకొనుటయేల, కొని యుంచుకొనరాదా యని జనులకు తోచుట సహజము. మేము జూనియరుగా హైకోర్టు మెట్లు ఎక్కుచుండిన దినములలో ఇట్టి ఒక కంపెనీకి చందా కట్టియుంటిమి. పేరు చెప్పము. మేము కోరిన పాత తెలుగు చిత్రము ఎనిమిది మాసములు జాబితా చివరనే యుండెను. కోరనివి మాత్రము తప్పక వచ్చుచుండెను. చందా మానుకొనినప్పుడు ధరావతు రాబట్టుటకు రిజిస్టరు నోటీసు పంపవలసి వచ్చినది. ఫీజు లేని కేసు.

మన చట్టము అమెరికా చట్టమువలె ఉదారమైనది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో వచ్చిన సవరణ ప్రకారము, చలనచిత్రపు ప్రతి అంతకుముందు అమ్ముడు పోయినను, దానిని బాడుగకిచ్చు హక్కు చిత్రపు హక్కుదారునిదే. అమెరికానుండి తెచ్చిన నిజమైన డిస్కులను అద్దెకిచ్చిన ఒక దుకాణముపై 2009లో ఢిల్లీ హైకోర్టు ఈ కారణముననే తీర్పు చెప్పినది. కాని 2012 సవరణ ఒక తలుపు తెఱచినది. నిషిద్ధమైనది వాణిజ్యపు అద్దె. న్యాయముగా సంపాదించిన ప్రతిని లాభాపేక్ష లేని గ్రంథాలయము లాభాపేక్ష లేక ఎరువిచ్చుట వాణిజ్యపు అద్దె కాదని ఆ చట్టమే నిర్వచించుచున్నది. గ్రంథాలయమునకు ప్రభుత్వ గ్రాంటైనను ఉండవలెను, లేదా ఆదాయపుపన్ను మినహాయింపైనను ఉండవలెను. ఊరూర చందాలెత్తి గ్రంథాలయములు నిలిపిన ఆంధ్రదేశమున ఈ నిబంధనను వాడుకొనినవారు మాకు కానరాలేదు. కంపెనీలు విడిచిన పనిని గ్రంథాలయములు చేయుట కల గాదు. అమెరికాలోనే సియాటిలు నగరమున స్కేర్‌క్రో వీడియో యను దుకాణము 2014లో లాభాపేక్ష లేని సంస్థగా మాఱి, లక్షకు మించిన తన చిత్రములను కాపాడుకొనుచు, తపాలాలోను పంపుటకు పూనుకొనినది.

అందుచేత కార్యవర్గమువారికి మా మనవి ఇది. డిస్కుల నమ్మవలదు. ముందుగా వానిలో బజారు నకళ్లను వేఱుచేసి తీసివేయుడు. చట్టము కాపాడునది న్యాయమైన ప్రతులను మాత్రమే. అట్టి నకళ్లు తక్కువ లేవని మే మెఱుగుదుము. మిగిలినవానికి పుస్తకములకువలె పట్టిక వ్రాసి, సభ్యులకు వారమునకు రెండు చొప్పున రుసుము లేక ఇండ్లకు ఇయ్యవచ్చును. మందిరమున తెఱ కట్టి నలుగురికి చూపుట మాత్రము ఎరువిచ్చుట కాదు. దానికి వేఱు అనుమతి కావలెను, ఉత్సాహవంతులు తొందరపడవలదు. మందిరమునకు ప్రభుత్వ గ్రాంటు మూడేండ్లనుండి రాలేదు. పన్ను మినహాయింపు దరఖాస్తు కార్యదర్శిగారి బల్లసొరుగులోనే ఉన్నది. దానిని పూర్తిచేసి పంపు భారము మేము వహించెదము. పోటీపరీక్షల పుస్తకములకు చోటు కావలెనన్నచో, పాత వార్తాపత్రికల గదిలో ఎలుకలు తిను బీరువా ఒకటి ఖాళీగనే యున్నది.

సమావేశము వచ్చు ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు. సభ్యులు కోరము తక్కువ పడనీయక రావలెను. మందిరమునందలి డి.వి.డి. యంత్రము తలుపు తెఱచుకొనుట లేదు. బాగుచేయగలవా రెవరైన నున్నచో ఆలోగా తెలుపగోరుచున్నాము.